తిరిగి తిరిగి వచ్చిన పేరు

ఓదెలు సారు పోయారన్న కబురు నాకు మొదట మోసుకొచ్చింది మా అమ్మ అండాలమ్మ. మధ్యాహ్నం మూడు దాటింది. నర్సింహులపేటలో మా ఇంటి ముందుగదిలో నేనొక పెళ్లికార్డు చేస్తున్నాను. కరెంటు పోయి, బల్ల కింద యూపీఎస్ కీచు కీచుమని అరవడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు వింటే నేను ఇప్పటికీ కీబోర్డు మీంచి చేతులు తీసేస్తాను. వేడెక్కిన ప్లాస్టిక్ వాసన, తెర మీద వణికే వెలుగు, కింద నుంచి ఆగకుండా ఆ అరుపు. సరిగ్గా అప్పుడే అమ్మ గడప దాటి లోపలికి వచ్చింది. కాళేశ్వరం నుంచి తెచ్చిన గోదావరి నీళ్ల సీసా ఆమె కుడిచేతిలో ఉంది. ఎడమచేయి ఇంకా బరువులు మోయదు.

"బిడ్డా, మీ ఓదెలు సారు పోయిండే" అంది నిలబడే.

"ఎవలు చెప్పిన్రమ్మా?"

"ఒకలు చెప్పుడేంది, నేనే సూసిన. వచ్చేటప్పుడు భూపాలపల్లిల చాయకు బస్సాపిన్రు. చౌరస్తల ఫ్లెక్సీ కట్టిన్రు. గాయన ఫోటోనే. తప్పు సదివిన్నేమో అని దగ్గరికి పోయి ఇంకోమాటు సదివిన."

నేను కంప్యూటర్ ఆపలేదు. అదే ఆగిపోయింది. అమ్మ కాళేశ్వరం వెళ్లింది నా మొక్కు తీర్చడానికి. ఆమె బతికి బయటపడితే గోదావరిలో స్నానం చేయించి స్వామి దర్శనం చేయిస్తానని రెండేళ్ల కింద మొక్కుకున్నాను. భజన మండలి ఆడవాళ్ల బస్సులో జాగా దొరికి అది ఇప్పటికి తీరింది. నా కాలు బాగాలేక నేను వెళ్లలేదు. ఆ మొక్కు తీర్చుకుని తిరిగొచ్చే దారిలో ఆమె చదివిన పేరుకూ, ఆమె ప్రాణానికీ నా మనసులో ఒక ముడి ఉంది. అప్పటివరకు అమ్మకు ఆ సంగతి తెలియదు. ఓదెలు సారును ఎన్నడూ చూడని వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. చూసిన వాళ్లం చాలా కొద్దిమందిమి.

జనగామలో రైల్వే స్టేషన్‌కు వెళ్లే దారిలో, ఒక ఎరువుల దుకాణం పైన రెండు గదుల్లో ఆయన డీటీపీ సెంటరు ఉండేది. పెళ్లికార్డులు, బోనాల కరపత్రాలు, నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీలు, అన్నిటికన్నా ఎక్కువగా దినాల కార్డులు. మా వైపు మనిషి పోయాక పదో రోజో పదకొండో రోజో చేసే కర్మకు చుట్టాలను పిలుస్తూ వేసే కార్డు అది. పైన పోయినవారి ఫోటో, చుట్టూ పూలదండ, కింద పేరు. నేను మొదట అక్కడికి వెళ్లింది మా తమ్ముడి పెళ్లికార్డు అచ్చు వేయించడానికి. బల్ల మీద ఇంకెవరిదో కార్డు ఆరబెట్టి ఉంటే, ఎదురుగా కూర్చుని తలకిందులుగానే చదివి, "సార్, ఇందులో నాలుగు తప్పులున్నయి" అన్నాను. ఆయన కళ్లద్దాలు పైకి నెట్టి నన్ను చూశారు.

"ఏడ సదివినవ్ బిడ్డా?"

"బడికి పోలేద్సార్. కాలు బాగలేకుండె. ఇంట్లనే."

"ఎవలు చెప్పిన్రు?"

"మా అమ్మ. భజన పుస్తకాలు, కిరాణం పొట్లాల కాయితాలు..."

"అయితె తప్పులు తక్కువుంటయ్. రేపట్సంది రా" అన్నారు. సర్టిఫికెట్ అడగలేదు. నా జీవితంలో నన్ను ఏ కాగితమూ అడగకుండా కుర్చీ చూపించిన మొదటి మనిషి ఆయన. ఆ కుర్చీకి నేను ఇప్పటికీ దండం పెట్టుకుంటాను.

ఓదెలు సారు చిన్నవయసులో వరంగల్‌లోని ఒక ప్రెస్సులో సీసం అక్షరాలు పేర్చేవారు. ఒక్కొక్క అక్షరాన్నీ గూటిలోంచి తీసి, వరుసలో పెట్టి, అచ్చయ్యాక మళ్లీ విప్పి ఎక్కడి అక్షరాన్ని అక్కడ పెట్టే పని. కంప్యూటర్ వచ్చాక ఆయన దాన్ని నేర్చుకున్నారు కానీ పూర్తిగా నమ్మలేదు. నమ్మడానికి అది అవకాశమూ ఇచ్చేది కాదు. పొద్దున మంచిగా ఉన్న పేజీ మధ్యాహ్నం తెరిస్తే అక్షరాలన్నీ డబ్బాలైపోయేవి. ప్రింటర్ ఒక కాగితం అడిగితే రెండు లాగి, మూడోదాన్ని నమిలేది. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు, యూపీఎస్ బ్యాటరీ ముసలిదైపోయి నిమిషానికి మించి నిలిచేది కాదు. అందుకే మా అందరికీ ఆయన ఒక అలవాటు చేశారు. ఒక్క లైను కొట్టగానే ఎడమచేయి తనంతట తాను సేవ్ నొక్కాలి. ఆలోచించి నొక్కితే ఆలస్యమవుతుందని, ఆలోచన లేకుండా నొక్కేదాకా నేర్పారు. ఆ నేర్పే ఒక రోజు నా మీదికి తిరిగింది.

మనుషులూ యంత్రాలకు తీసిపోయేవాళ్లు కాదు. ఒకతను తండ్రి సంతాప ఫ్లెక్సీ కోసం వచ్చి, తన నాయకుడి ఫోటో ఇంకా పెద్దది చేయమని, ఇంకా పెద్దది చేయమని నిలబడ్డాడు. తండ్రి ఫోటో మూలకు జరిగి జరిగి పోస్టేజీ బిళ్లంతయింది. ఓదెలు సారు చాలాసేపు ఓపిక పట్టి, "తమ్మీ, జర సెప్పు, పోయింది ఎవలు?" అన్నారు. అతను సిగ్గుపడి నవ్వి, "మా బాపే సార్" అన్నాడు. తండ్రి ఫోటో మళ్లీ మధ్యకు వచ్చింది.

పని లేని పూటల్లో మాకు మా ఆటలు ఉండేవి. నాతో పాటు పనిచేసే రజితకు ఫోటోల్లో తలలు మార్చడం సరదా. ఒకసారి సారు మీసాల ముఖం తీసుకెళ్లి పట్టుచీర కట్టుకున్న పెళ్లికూతురి మెడ మీద పెట్టింది. మేము భయపడుతూ నవ్వుతుంటే ఆయన వెనక నుంచి వచ్చి చూసి, "వడ్డాణం మంచిగ పెట్టినవ్, ముక్కుపుల్ల మర్సినవ్" అని వెళ్లిపోయారు. ఆయన ఆట వేరు. అన్నం తిన్నాక కంప్యూటర్‌లో ఒక్కరే పేకముక్కలు ఆడేవారు. అన్నీ వరుసలోకి వచ్చి, ఇక ఒక్క ముక్క ఎత్తి పెడితే ఆట గెలిచినట్టే అనగా ఆపేసేవారు. ఎప్పుడూ అంతే. "గెలుసుడెందుకు ఇడిసిపెడ్తరు సార్?" అని రజిత అడిగింది.

"గెలిస్తె ముక్కలన్నీ ఎగిరిపోయి తెర ఖాళీ అయితది. మిషిన్ల జాగ ఖాళీ ఉంచొద్దు పిల్లా."

"ఉంచితె ఏమైతది?"

"ఖాళీ ఉన్న ఇంట్లకు ఎవలన్న రారా?" అన్నారాయన. ముఖం మీద నవ్వు ఉందో లేదో మాకు తెలియలేదు.

మరో పద్ధతి ఉండేది ఆయనకు. అది ఇంకెక్కడా చూడలేదు. దినాల కార్డు ఎప్పుడూ కొత్తగా చేయం. పోయినసారి చేసిన ఫైలు తెరిచి, అందులో పాత పేరు తీసి కొత్త పేరు పెడతాం. అన్నిచోట్లా అంతే చేస్తారు. కానీ ఓదెలు సారు దుకాణంలో పాత పేరు తీసేముందు దాన్ని ఒక్కసారి పైకి పిలవాలి. పిలిచి, 'ఇగ పో' అని చెప్పి, అప్పుడు తీయాలి. నేను చేరిన మొదటి వారంలో ఇదేమిటని అడిగితే చేయి చాపి తన వేళ్లు చూపించారు.

"సీసం రోజుల్ల మనిషి పేరు ఇప్పాలంటె ఒక్కో అక్షరం పట్టుకొని దాని గూట్ల పెట్టాలె. గా మనిషి నిమ్మళంగ పోయెటోడు. గీ మిషిన్ల ఒక్క బటన్ నొక్కితె మాయం. గట్ల నూకేస్తె ఏడికి పోతరు? జాగ తెల్వక గిక్కడిక్కడ్నే తిరుగుతరు."

నేను దేవుణ్ణి నమ్మినదాన్ని. మిగతావాటిని పెద్దగా పట్టించుకునేదాన్ని కాదు. అయినా పేరు పిలవడం నాకు నచ్చింది. చిన్న ప్రార్థనలా ఉండేది. మల్లయ్యలు, బుచ్చమ్మలు, కొమురవ్వలు ఎందరినో అలా పేరు పిలిచి సాగనంపాను. రజిత మాత్రం మరిచిపోయేది. ఒకసారి ఆమె చేసిన పెళ్లికార్డు నమూనాలో, వరుడి ఫోటో అంచు పక్క నుంచి ఎవరో ముసలాయన పేరు సగం బయటకు కనిపించింది. తప్పు ఫైలు తెరిచి, పేరు తీయకుండా దాని మీదే ఫోటో పెట్టేసింది, అంతే. కానీ ఆ సగం పేరు గోడచాటు నుంచి తొంగిచూస్తున్నట్టు ఉంది. సారు ఆమెను తిట్టలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, ఆ ముసలాయనను పూర్తి పేరుతో పిలిచి పంపారు.

ఇక ఆ రోజు. వానాకాలం, మబ్బు పట్టి పట్టపగలే దీపాలు వేసుకున్నాం. నాలుగింటికి ఒక కొత్త దినాల కార్డు వాళ్లు వస్తామన్నారు. వాళ్లు వచ్చేలోగా ఫైలు సిద్ధం చేద్దామని, అంతకుముందు వారం వేసిన ఒక ముసలామె కార్డు తెరిచాను. ఆమె పేరు రాజవ్వ. పాలకుర్తి దగ్గర పల్లె. సారు కిందికి చాయ తాగడానికి వెళ్లారు. రజిత పెన్‌డ్రైవ్‌లో కొత్త రకం అక్షరాలు తెచ్చి నా కంప్యూటర్‌లో వేసింది. "జల్ది సూడక్కా, ఎంత సక్కగున్నయో" అని ఒకటే తొందర. ఆ తొందరలో రాజవ్వ పేరు తీసేశాను. పిలవలేదు. ఖాళీ అయిన చోట, కొత్త అక్షరాలు ఎలా ఉన్నాయో చూద్దామని, వేళ్లకు ఏ పేరు వస్తే ఆ పేరు కొట్టాను.

అండాలమ్మ.

కొత్త అక్షరాలు పరీక్షించేటప్పుడు మేమందరం ఇంట్లోవాళ్ల పేర్లే కొట్టేవాళ్లం. రజిత తన కొడుకు పేరు కొట్టేది. నా వేళ్లకు మొదట వచ్చే పేరు అమ్మది. ఆ పేరు నిజంగానే అందంగా వచ్చింది. కాగితం మీద చూద్దామని ప్రింటు కూడా ఇచ్చాను. పొద్దుటి నుంచి అలిగి కూర్చున్న ప్రింటర్ పలకలేదు. ఈలోగా ఎడమచేయి తన పని తాను చేసింది. సేవ్ నొక్కింది.

"మీ అమ్మ పేరు బంగారం లెక్క కొట్టిందక్కా..." అంటూ వంగిన రజిత మాట మధ్యలోనే ఆపేసింది. "అక్కా, గది దినాల కార్డు."

అప్పుడు చూశాను. పైన పూలదండ. దండ నడుమ ఇంకా తీయని రాజవ్వ ఫోటో. కింద మా అమ్మ పేరు. తీసేద్దామని చేయి చాపాను. నా ఫోను మోగింది. తమ్ముడు.

"అక్కా, అమ్మ వాకిట్ల పడిపోయింది. మూతి వంకర పోయింది, మాట వస్తలేదు. మానుకోటకు తీస్కపోతున్నం, నువ్వు దవాఖానకే రా." మా వాళ్లు మహబూబాబాద్‌ను మానుకోట అంటారు.

నేను అప్పుడే లేచి బయలుదేరాల్సింది. కానీ ఆ పేరును అక్కడ వదిలి లేవలేకపోయాను. పేరు తీశాను. సేవ్ నొక్కేలోపు కరెంటు పోయింది. యూపీఎస్ రెండు అరుపులు అరిచి ఊరుకుంది. కాసేపటికి కరెంటు వచ్చి, కంప్యూటర్ లేచి, ఫైలు తెరిస్తే అండాలమ్మ అక్కడే ఉంది. మళ్లీ తీశాను. ఈసారి సేవ్ నొక్కాను. తెర బిగుసుకుపోయింది. మౌసు బాణం కదలదు, గడియారం ముల్లు గుర్తు తిరుగుతూనే ఉంది. రజిత బటన్ నొక్కి ఆపి, మళ్లీ వేసింది. ఈసారి ఫైలును నేను తెరవలేదు. అదే, మధ్యలో ఆగిన పనిని తిరిగి తెచ్చానని ఒక చిన్న మాట చూపించి, తనంతట తానే తెరుచుకుంది. అండాలమ్మ. మూడోసారి తీశాను. సేవ్ అయింది. ఫైలు మూశాను. హమ్మయ్య అని లేవబోతుంటే, వెనక ప్రింటర్ గరగరలాడి లేచింది. పొద్దుటి నుంచి పలకనిది, నేనెప్పుడో ఇచ్చిన ఆజ్ఞ ఇప్పుడు గుర్తొచ్చినట్టు, ఒక కాగితం మెల్లగా బయటకు తోసింది. రంగు అయిపోవచ్చి రాజవ్వ ముఖం పొగలా వచ్చింది. కళ్లు కూడా సరిగా లేవు. కింద పేరు మాత్రం నల్లగా, స్పష్టంగా ఉంది.

ఇవన్నీ ఎందుకు జరిగాయో ఇప్పుడు చెప్పగలను. తర్వాత ఒక మెకానిక్ వచ్చి, ఆగిన పని కోసం కంప్యూటర్ దాచుకునే నకలు ప్రతి గురించి, ప్రింటర్‌లో వరుసలో నిలిచిపోయే పనుల గురించి ఓపికగా వివరించాడు. నేను విన్నాను, నమ్మాను. కానీ ఆ గదిలో ఆ కాగితం చేతిలోకి తీసుకున్నప్పుడు నాకు తోచింది ఒకటే. ఆ ఖాళీలో కూర్చోవడానికి ఎవరో కావాలి. నేను నా చేత్తో అమ్మను కూర్చోబెట్టాను.

మెట్ల మీద ఓదెలు సారు చెప్పుల చప్పుడైంది. రజిత ఏడుస్తూ జరిగింది చెప్పింది. ఆయన కాగితం తీసుకుని చదివి, మడిచి జేబులో పెట్టుకున్నారు.

"రాజవ్వను పిలిసినవా బిడ్డా?"

"లేద్సార్. మర్సిన."

ఆయన నన్ను లేపి నా కుర్చీలో కూర్చున్నారు. ఫైలు తెరిచారు. పేరు ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది. తెర మీద నిలువుగీత ఒక్కటే ఆరుతూ వెలుగుతూ ఉంది. ఆయన రాజవ్వ ఫోటో వైపు చూసి, బస్సెక్కిస్తున్న చుట్టంతో మాట్లాడినట్టు, "రాజవ్వా, పో తల్లి. పిల్లలు నీ పేరు మీద అన్నం పెట్టిన్రు. గీ పిల్ల తొందర్ల మర్సింది, మనసుల పెట్టుకోకు" అన్నారు. ఫోటో తీసేశారు. తర్వాత రెండు వేళ్లతో, సీసం అక్షరాలు పేర్చినంత నెమ్మదిగా, ఆ ఖాళీలో తన పేరు కొట్టారు. ఇంటిపేరుతో సహా. సేవ్ నొక్కారు.

"రజితా, మెయిన్ బంద్ చెయ్."

ఆమె ఆపింది. యూపీఎస్ అరిచి అరిచి ఆగింది. మళ్లీ వేయమన్నారు. ఫైలు తెరిచారు. ఆయన పేరు అక్కడే, కదలకుండా ఉంది.

"సూసినవా, కుదురుకున్నది" అన్నారు.

"గదేంది సార్, మీ పేరెందుకు? ఉట్టి పేరు ఏదన్న కొట్టుండ్రి" అన్నాను.

"ఉట్టి పేరు ఏడుంటది బిడ్డా? ఏది కొట్టినా గా పేరుతోని ఎక్కడో ఒక మనిషుంటడు. అడగకుంట ఒకల పేరు పెట్టొద్దు. గిది నా పేరు, నేనే ఇచ్చిన. ఇగ నువ్వు లే, బస్సు పోతది."

స్కూటర్ మీద బస్టాండుకు తీసుకెళ్లి, తొర్రూరు బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టారు. బస్సు కదులుతుంటే కిటికీ ఊచ పట్టుకుని రెండడుగులు నడిచి, "అమ్మ పేరు మనసుల అనుకుంట పో. బతికున్నోళ్ల పేరు ఎన్ని మాట్లన్న అనుకోవచ్చు" అన్నారు. తొర్రూరులో బస్సు మారి మానుకోట చేరేదాకా నేను దేవుడి పేరు తలవలేదు. జీవితంలో అదొక్కరోజే. అమ్మ పేరే జపం చేశాను. తర్వాత ఆ సంగతి దేవుడికి చెప్పుకున్నాను. ఆయన తప్పు పట్టలేదనే అనుకుంటున్నాను.

రెండు రోజులు గడిస్తే గానీ ఏమీ చెప్పలేమన్నారు డాక్టర్లు. వేళకు తీసుకొచ్చారు కాబట్టి ఆశ ఉందని కూడా అన్నారు. మూడో రోజు పొద్దున అమ్మ కళ్లు తెరిచి, వంకర మూతితోనే, "ఆకలైతంది" అంది. డాక్టర్లకు, అమ్మను పక్క మీద ఒత్తిగిలించి పడుకోబెట్టిన నర్సమ్మకు, నడిరోడ్డు మీద ఆటో ఆపి ఎక్కించుకున్న పేరు తెలియని అన్నకు దండం పెట్టుకున్నాను. అందరికీ పెట్టాక ఇంకొకరు మిగిలిపోయారని తెలుసు. ఆయన పేరు తలుచుకోబోతే, దండ కింద ఆ పేరు కనిపించి ఆగిపోయాను.

ఆ సాయంత్రమే సారు బత్తాయిలు పట్టుకుని దవాఖానకు వచ్చారు. మంచం పక్కన నిలబడి, "చెల్లె, నీ బిడ్డ లేక షాపుల తప్పులు పెరిగినయ్. జల్ది లేసి పంపియ్యి" అన్నారు. అమ్మ నవ్వబోయింది. నవ్వు ఒక పక్కకే వచ్చింది. ఆయన ఆ నవ్వును చాలాసేపు చూశారు, తాను చేసిన పని సరిచూసుకుంటున్నట్టు.

నెల తర్వాత దుకాణానికి వెళ్లాను. మొదట ఆ ఫైలే తెరిచాను. పేరు ఉంది. "సార్, అమ్మ మంచిగయింది, ఇగ తీయుండ్రి" అన్నాను. "తీద్దాం తీ, ఏం తొందర" అని పేకముక్కల ఆటలో పడిపోయారు. మరో వారం మళ్లీ అడిగాను. "నా పేరు నేను కొట్టుకున్న, ఒక్క తప్పు లేదు. నీకేం పరేషాన్?" అని నవ్వారు. మూడోసారి అడిగితే నవ్వలేదు. "మీ అమ్మ ఎడమచెయ్యి ఇంక లేస్తలేదు కదా. ఉండనియ్యి."

ఇక్కడ ఒక మాట దాచకుండా రాయాలి. ఆయన లేని పూట ఆ ఫైలు తెరిచి, ఆయన పేరు మొత్తం పట్టుకుని, తీసేసే బటన్ మీద వేలు పెట్టాను. ఒక్కసారి కాదు, నాలుగైదుసార్లు. తీయడం నా చేతిలో పని. కానీ తీస్తే ఆ చోటు ఖాళీ అవుతుంది. ఖాళీలోకి ఏ పేరు తిరిగొస్తుందో నాకు తెలుసు, కనీసం తెలుసనే భయం ఉంది. ఇంకో పేరు పెడదామంటే, అడగకుండా ఎవరి పేరు పెట్టను? నా పేరు పెట్టుకోవచ్చు కదా అని ఒక రోజు తట్టింది. వేళ్లు అక్షరాల మీదికి వెళ్లాయి. వెనక్కి వచ్చాయి. ఆయన ఒక్క క్షణం ఆలోచించకుండా ఇచ్చినదాన్ని, ఏడాదంతా ఆలోచించి కూడా నేను ఇవ్వలేకపోయాను. ప్రతిసారీ ఫైలు మూసి, లేచి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చేదాన్ని.

తర్వాత ఆయనకు దమ్ము, అంటే ఆయాసం, ఎక్కువైంది. మెట్లు ఎక్కలేక సగంలో కూర్చునేవారు. పోయిన చలికాలం దుకాణం మూసి భూపాలపల్లిలో కొడుకు దగ్గరికి వెళ్లిపోయారు. రజిత హన్మకొండలో పని చూసుకుంది. వెళ్లేముందు సారు నా కంప్యూటర్‌ను సంచిలో చుట్టించి, ఆటోలో నా పక్కన పెట్టించారు. "గిది వేరేటోళ్లకు ఇయ్యలేను బిడ్డా. దాంట్ల ఏమున్నదో నీకే ఎరుక" అన్నారు. నెలకోసారి ఫోను చేసేవాళ్లం. ఊరి సంగతులు, వానలు, అమ్మ ఆరోగ్యం అన్నీ అయ్యాక, పెట్టేసేముందు ఆయన ఒక మాట అడిగేవారు.

"ఉన్నదా?"

"ఉన్నది సార్."

"ఉండనీ" అని నవ్వేవారు. ఆ నవ్వు దగ్గులోకి జారేది. ముందు ఆయన పెట్టేసేదాకా నేను ఫోను పెట్టేదాన్ని కాదు.

అమ్మ కబురు తెచ్చిన ఆ మధ్యాహ్నం, కరెంటు తిరిగి వచ్చాక, ఆ ఫైలు తెరిచాను. అమ్మ నా వెనకే నిలబడి ఉందని మరిచాను.

"గిదేంది, గాయన కార్డు నువ్వు గప్పుడే కొట్టినవా?" అంది.

"నేను కాదమ్మా. గాయనే కొట్టుకున్నడు. రెండేండ్ల కింద. నువ్వు పడిపోయిన్నాడు."

అప్పుడు చెప్పాను. రాజవ్వను పిలవకపోవడం, చేయి తనంతట తాను సేవ్ నొక్కడం, మూడుసార్లు తిరిగొచ్చిన తన పేరు, పొగలాంటి ముఖంతో వచ్చిన కాగితం, తర్వాత ఏడాదంతా నేను తీయలేకపోయిన పేరు. అమ్మ గోదావరి సీసా బల్ల మీద పెట్టి, మెల్లగా స్టూలు మీద కూర్చుంది. తెర మీదికి వంగి, చిన్నప్పుడు నాకు చదివించినట్టే, వేలు పెట్టి ఆ పేరు ఒక్కో అక్షరం చదివింది.

"నేను దవాఖానల పండుకున్నన్ని దినాలు గాయన గిక్కడ నా జాగల కూసున్నడా?" అంది.

నా వల్లే ఆయన పోయారా అని అడుగుదామనుకున్నాను. అడిగే ధైర్యం లేదు. అమ్మకు అది వినిపించినట్టే ఉంది.

"గాయనకు దమ్ముండె. ముసలితనముండె. నువ్వు దేవునివి కావు, గంత మీద ఏసుకోకు" అంది. మళ్లీ, "అయితెగిని ఒకలు నా జాగల కూసున్నరంటె, లేదని నేను కూడ అనలేను" అంది.

"ఇప్పుడేం చెయ్యనమ్మా? పోయినోళ్ల పేరు పిలిచి పంపాలె. సారు నేర్పిందదే."

"పంపితె గక్కడ ఏం పెడ్తవ్?"

అమ్మ తన ఎడమచేతిని కుడిచేత్తో ఎత్తి ఒడిలో పెట్టుకుంది.

"పంపకు. నేను పోయినంక గాయన్ని పిలిచి, మంచిగ సాగనంపి, గక్కడ నన్ను పెట్టు. గది నా జాగనే. నా జాగ నేను తీసుకుంట. గప్పటిదాక గాయన ఒక్కడే కూసున్నడు, పొద్దుగాల ఒక మాట పలకరియ్యి" అని లేచి, దేవుడి దగ్గర దీపం పెట్టడానికి లోపలికి వెళ్లింది.

సారు పేరు పడ్డప్పటి నుంచి ఆ ఫైలులో ఏ కార్డూ చేయలేదు. వేరే ఫైలు పెట్టుకున్నాను. ఇప్పుడు రోజూ పొద్దున కంప్యూటర్ వేయగానే మొదట సారు పేరున్న ఫైలు తెరిచి, "మంచిగున్నరా సార్?" అంటాను. జవాబు కోసం ఆగనని చెప్పలేను. ఫ్యాను చప్పుడు, నిలువుగీత వెలిగి ఆరడం, అంతే. లోపలి గదిలో అమ్మ గిన్నెలు సర్దే చప్పుడు వినిపిస్తే గుండె కుదుటపడుతుంది. ఆ చప్పుడు ఉన్నన్నాళ్లు ఆ పేరు ఇక్కడ ఉంటుంది. ఆ పేరు ఉన్నన్నాళ్లు ఆ చప్పుడు ఉండాలని ఆశ. ఏది దేన్ని ఆపి ఉంచుతోందో నాకు తెలియదు, దేవుణ్ణి అడగను కూడా. అప్పుగా కాక, అడగకుండానే దొరికిన వరంగా దీన్ని మోస్తున్నాను. బరువుగానే ఉంది. దించాలని లేదు.

మిమ్మల్ని ఒకటి అడుగుతాను. మీరు పని చేసుకుంటుండగా కరెంటు పోయి, అంతా పోయిందనుకున్నది తిరిగి తెర మీద కనిపిస్తే, సంతోషపడేముందు ఒక్క క్షణం ఆగండి. ఎవరి పేరూ అడగకుండా వాడని, తన పేరు మాత్రం అడగకుండానే ఇచ్చిన కంపోజిటర్ ఓదెలును తలుచుకోండి. నా తర్వాత ఆయనను పలకరించేవాళ్లు ఎవరూ లేరు.